అండమాన్‌లో పగడాల దగ్గరి చేప తినవచ్చా?

రాజాం మాస్టారు:
సెలవులకు పిల్లాపాపలతో అండమాన్ వెళ్లేవారికి ఒక విన్నపం. స్వరాజ్ ద్వీప్, అంటే పూర్వపు హావ్‌లాక్‌లో, ఎలిఫెంట్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ చేసి, అంటే నోట గొట్టంతో ఊపిరి తీస్తూ నీటిలోకి చూసి, చిలక చేపను చూసి మురిసిపోయి, మధ్యాహ్నానికి అదే చేప వేపుడు తెప్పించుకోవడం తగదు. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబారి, ఎన్నో చచ్చిపోయాయి. చచ్చిన పగడం మీద నాచు అలుముకుంటుంది. ఆ నాచును గీకి తినేది ఈ చేపే. నాచు తొలగితేనే కొత్త పగడం అతుక్కుంటుంది.

కళింగపట్నం తమ్ముడు:
మాస్టారూ, మా అన్నయ్య అండమాన్‌లోని జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకు వెళతాడు. వలలో పడినది అమ్ముకుంటేనే అతనికి పూట గడుస్తుంది. పగడాలు వేడికి పోయాయని మీరే రాశారు, మరి తప్పు వేపుడు పళ్లెం మీదికి ఎలా వచ్చింది?

రాజాం మాస్టారు:
వేడిని మనం ఆపలేం, పళ్లెం ఆపగలం. కోనాం, సూర పగడాల మీద బతికే చేపలు కావు, వాటిని నిక్షేపంగా తినండి.

బొబ్బిలి కోడలు:
అక్కడి హోటళ్లలో కోనాం పులుసు మన కారంతో దొరుకుతుందా? మా అత్తగారు చప్పటి కూర ముట్టరు.

కళింగపట్నం తమ్ముడు:
పగడాన్ని విరగ్గొడుతున్నది ఎవరో కూడా రాయండి. మా అన్న కొడుకు టూరిస్టులను ట్యూబు పట్టించి నీళ్లలో తిప్పుతాడు. ఈత రాని ఒక పెద్దమనిషి ఫోటో కోసం కొమ్ముల పగడం మీద నిలబడితే, అది కాలి కింద విరిగి లోపలి తెల్లటి సున్నం బయటపడింది. దిగమన్నందుకు ఆయన ఫిర్యాదు చేశాడు, కూలి పోయింది మావాడికి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కాపాడే పగడమది!

రాజాం మాస్టారు:
ఆయనను నేను వెనకేసుకు రాలేదు. నేను అడిగినది చేప సంగతి. దానికి మీరు ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

కళింగపట్నం తమ్ముడు:
చెబుతాను, కోపగించుకోకండి. 193 కిలోమీటర్ల తీరమున్న మన శ్రీకాకుళం జిల్లాలో సరైన జెట్టీలు లేక మనవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోయారు. అక్కడి నుంచి వేటకెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కినవారు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అలా ఊరు విడిచినవారిలో మా అన్న ఒకడు. నాలుగు రోజుల సరదాకు వచ్చినవారు అతని వలలో ఏ చేప పడాలో నిర్ణయిస్తారా? త్యాగం ఎప్పుడూ వల వేసేవాడే చేయాలా? ఈత రానివారు పగడాల జోలికి వెళ్లవద్దని ముందు రాయండి.

రాజాం మాస్టారు:
ఇప్పుడు తేలింది. నేను తినవద్దంటున్నాను, మీరు చూడవద్దంటున్నారు. మా పిల్లలు నీటిలో ముఖం పెట్టి ఆ చేప పగడం మీది నాచును గీకే చప్పుడు స్వయంగా విన్నారు, కాబట్టే ఇంట్లో దాన్ని తినబోమన్నారు. చూడనివ్వకపోతే ఆ పట్టింపు వారికి ఎక్కడి నుంచి వస్తుంది?

పార్వతీపురం:
ఈత రానివారికి నార్త్ బేలోనూ జాలీ బాయ్ దీవిలోనూ అద్దం అడుగు పడవలున్నాయి.

కళింగపట్నం తమ్ముడు:
అద్దం పడవకు నాకు అభ్యంతరం లేదు. చేప విషయం మాత్రం, దాన్ని పట్టేవారిని కూర్చోబెట్టి అడగకుండా, ఆ ఆదాయం పోతే బదులేమిటో చెప్పకుండా ఎవరు రాసినా నేను ఒప్పుకోను.