ఉరిశిక్షను ధ్రువీకరించేటప్పుడు హైకోర్టు సాక్ష్యాన్ని మొదటి నుంచి చూస్తుందా?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థిని, మెహిదీపట్నం):
సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసిన ఒక హత్య కేసు తీర్పు చదువుతున్నాను. కళ్లారా చూసిన సాక్షి ఒక్కరూ లేరు. హతుడితో ముద్దాయి చివరిసారి కనిపించడం, అతను చూపిన చోట కత్తి దొరకడం, సెల్‌ఫోన్ టవర్ వివరాలు, ఈ మూడింటి మీదే తీర్పు నిలబడింది. హైకోర్టు ఉరి సబబా కాదా అన్నంతవరకే చూస్తుందా, నేరం రుజువైందా అన్న దగ్గరి నుంచి చూస్తుందా? పెద్దలు వివరించగలరు.

జవాబు (న్యాయవాది, నాంపల్లి):
మొదటి నుంచే చూడాలమ్మా. ఉరిశిక్ష వేసిన కోర్టే రికార్డును హైకోర్టుకు పంపాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 366, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడు 407వ సెక్షన్. దీన్నే మనం రిఫర్డ్ ట్రయల్ అంటాం. ముద్దాయి అప్పీలు వేసినా వేయకపోయినా న్యాయమూర్తులు సాక్ష్యాన్నంతా స్వయంగా తూచి, అవసరమైతే అదనపు సాక్ష్యం తెప్పించుకొని, శిక్షను ఖాయం చేయవచ్చు, మార్చవచ్చు, ముద్దాయిని విడిచిపెట్టనూ వచ్చు.

మీ కేసులోలా ప్రత్యక్ష సాక్షి లేనప్పుడు ఆధారపడే పరిస్థితుల సాక్ష్యానికి 1984 నాటి శరద్ బిర్దిచంద్ సార్దా తీర్పే కొలబద్ద. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి, అన్నీ కలిపి చూస్తే ముద్దాయి నిర్దోషి కావచ్చన్న అనుమానానికి చోటుండకూడదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా సీనియర్ గారు ఒక్కో పరిస్థితికి ఒక్కో తెల్లకాగితం పెట్టించేవారు. కత్తి కాగితం మీద పంచనామా ఎన్ని గంటలకు రాశారు, పంచులు (అక్కడున్న సాక్షులు) ఎవరు, సీలు వేసిన పొట్లం రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరేదాకా ఎవరి దగ్గర ఉంది అని రాయాలి. ఒకసారి ఆఖరి గడి ఖాళీగా మిగిలితే రికార్డంతా నా చేత రెండోసారి తిరగేయించారు.

మరో జవాబు (విశ్రాంత న్యాయాధికారి, సికింద్రాబాద్):
ఒక మాట కలుపుతాను. ఈ పరిస్థితులన్నీ కలిసిన గొలుసు ఎక్కడైనా తెగితే శిక్ష తగ్గించి సరిపెట్టకూడదు, ముద్దాయిని విడుదల చేయాలి. గొలుసు నిలిచాకే 1980 నాటి బచన్ సింగ్ తీర్పు చెప్పిన 'అరుదైన వాటిలో అరుదైన' పరీక్ష, అంటే ఉరి వేయదగినంత అరుదైన కేసా అన్న ప్రశ్న, వస్తుంది. అక్కడ కూడా నేరం రుజువయ్యాక మిగిలే కొద్దిపాటి సందేహాన్ని ఉరి తప్పించే కారణంగా 2014లో త్రిపుర నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు పరిగణించింది. ఉరి వేస్తే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు గనుక అది సరైన దారేనని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. మరి టవర్ వివరాల సంగతి?

జవాబు (న్యాయవాది, నాంపల్లి):
టవర్ ప్రాంతాన్ని చెబుతుంది గాని ఇంటి గడపను చూపదు. పైగా అలాంటి ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి, అది ఎలా తయారైందో చెప్పే ధ్రువపత్రం తప్పనిసరని 2020లో అర్జున్ పండిట్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు చివర ఉండే ఎగ్జిబిట్ల (కోర్టులో దాఖలైన పత్రాల) జాబితాలో ముందు అది ఉందేమో చూడండి.