అప్‌డేట్: ఎలుకల్లో అండాలు ఎందుకు కనబడలేదో తెలిసింది

ప్రోఈస్ట్రస్ రోజు (అంటే అండాలు విడుదలయ్యే ముందు రోజు) సర్జరీ చేసిన ఆడ ఎలుకల అండవాహికలో మర్నాడు పొద్దున ఒక్క అండమూ ఉండటం లేదేమని అడిగాను కదా. తప్పు హార్మోన్లది కాదు, మా టైమింగ్‌ది. సర్జరీకని మధ్యాహ్నం రెండింటికి పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు ఇస్తున్నాం. సరిగ్గా 2 నుంచి 4 లోపే మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథికి సంకేతం అంది, అండాల్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా ఎగబాకాలి. మత్తు దాన్ని ఆపేసింది, అండాల విడుదల 24 గంటలు ఆలస్యమైంది. ఎవరెట్, సాయర్ అనే శాస్త్రవేత్తలు 1950లోనే చూపించిన సంగతి! చదవకుండా నెలంతా టెన్షన్ పడ్డాం.

ఆ సంకేతం వెళ్లిపోయాకే మత్తు ఇచ్చేలా సర్జరీని రాత్రి ఏడింటికి మార్చాం. నిన్న పొద్దున అండవాహిక ఉబ్బిన చోట సూదితో చీలిస్తే, జిగురు కణాల ముద్దలో పన్నెండు అండాలు జారి బయటికొచ్చాయి. గదిలో లైట్లు ఎప్పటిలాగే ఉదయం 5కే వెలుగుతున్నాయి. ఎలుకల ఒంటి గడియారం ఆ వెలుతురునే అనుసరిస్తుంది కాబట్టి, లైట్ల టైము కదిలిస్తే ఈ గంటలన్నీ కదులుతాయి.