కూలెంట్ లేకుండా నడిచిన ఇంజిన్: పాడైందో లేదో ఎలా చూడాలి?

నాలుగుచక్రాలు:
అందరికీ నమస్కారం. మాది పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, ఐరన్ బ్లాక్ మీద అల్యూమినియం హెడ్. హైవే మీద వెళ్తుంటే రేడియేటర్ కింది హోస్ చీలి కూలెంట్ మొత్తం కారిపోయింది. టెంపరేచర్ ముల్లు మొదట కాస్త లేచి మళ్లీ కిందికి దిగింది, అందుకే వెంటనే తెలియలేదు. పికప్ పడిపోయి లోపల టకటకమని శబ్దం రాగానే పక్కకి తీసి ఆపేశాం. టోయింగ్ బండి మీద ఇంటికి తెచ్చాం. అప్పటి నుంచి స్టార్ట్ చేయలేదు. కొత్త హోస్ వేసి, కూలెంట్ పోసి స్టార్ట్ చేయొచ్చా? ముందే ఏమైనా చూడాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

డీజిల్‌బండి:
కూలెంట్ పోసి స్టార్ట్ చేసి చూడు బ్రో. మా బండికీ ఇలాగే అయింది. హోస్ మార్చాం, ఇప్పటికీ బాగానే తిరుగుతోంది.

పాతమెకానిక్:
తమ్ముడూ, ఇంకా స్టార్ట్ చేయలేదు కాబట్టి చాలా మంచి స్థితిలో ఉన్నావు. ఇప్పుడే సెల్ఫ్ కొట్టకు. హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయి ఉంటే నువ్వు పోసిన కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుంది. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం కుదరదు. పిస్టన్ పైకి వచ్చి ఆ నీటిని గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గాస్కెట్‌తో పోయే పని ఇంజిన్ మొత్తం విప్పేదాకా వస్తుంది.

ముల్లు సంగతి: సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది. కూలెంట్ పోయాక దాని చుట్టూ మిగిలేది గాలి, ఆవిరి. హెడ్ కాలిపోతున్నా ముల్లు కిందే ఉంటుంది. కాబట్టి "ముల్లు ఎర్ర గీత దాటలేదు" అన్నదాన్ని ధైర్యంగా తీసుకోవద్దు.

నేనైతే ఈ వరసలో వెళ్తాను. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు. పాల టీ రంగులో ఉంటే కూలెంట్ కలిసినట్టే, ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు, హెడ్ దించాల్సిందే. ఆయిల్ రంగు బాగుంటే స్పార్క్ ప్లగ్‌లు నాలుగూ విప్పు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్ట్‌కి సాకెట్ వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పు. ఎక్కడైనా గరగరమన్నా, పట్టేసినట్టు అనిపించినా అక్కడే ఆపెయ్, బలవంతం చేయొద్దు. సాఫీగా తిరిగితే సగం ప్రాణం లేచొచ్చినట్టే.

బానెట్‌కింద:
పాతమెకానిక్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి నురగ కనబడగానే కంగారు పడొద్దు. చలిలో దగ్గర దగ్గర దూరాలే తిరిగే బండ్లకి తేమ వల్ల కూడా అది పడుతుంది. నమ్మాల్సింది డిప్‌స్టిక్‌నే.

ప్లగ్‌లు విప్పి ఉన్నప్పుడే బోర్‌స్కోప్ కెమెరా దించండి. ఫోన్‌కి తగిలించేవి దొరుకుతున్నాయి. సిలిండర్ గోడ మీద నిలువు గీతలున్నాయా చూడండి. పిస్టన్ కూడా అల్యూమినియమే కదా, వేడికి ఉబ్బి గోడని గీకేస్తుంది. మూడు పిస్టన్ల నెత్తి నల్లగా మసి పట్టి ఉండి, ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే అక్కడికి కూలెంట్ వెళ్తోందని అర్థం, ఆవిరి ఆ మసిని కడిగేస్తుంది.

ఇంకోటి, కారిపోయిన కూలెంట్ ఇంటి దగ్గర నేల మీద ఉంటే ముందు కడిగేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లులూ నాకొచ్చు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వాటి ప్రాణం తీస్తుంది.

నాలుగుచక్రాలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆయిల్ బాగుంది, కాకపోతే కాలిన వాసన వస్తోంది. ఇంజిన్ చేత్తో సాఫీగా తిరిగింది. కెమెరాలో గీతలేం కనబడలేదు. ఇక కూలెంట్ పోయొచ్చా?

పాతమెకానిక్:
పోయొచ్చు, స్టార్ట్ మాత్రం ఇంకా వద్దు. కొత్త హోస్ వేసి సిస్టమ్ నింపాక ప్రెజర్ టెస్టర్ పంపు తగిలించు. రేడియేటర్ మూత మీద ఎంత ఒత్తిడి రాసి ఉందో అంతవరకే కొట్టు, చాలా బండ్లకి 1.1 బార్ దగ్గర ఉంటుంది. పావుగంట వదిలెయ్. బయట ఎక్కడా చుక్క కారకుండా టెస్టర్ ముల్లు పడిపోతుంటే లోపలికి పోతున్నట్టు. ఆ తర్వాత మళ్లీ కెమెరా దించి చూడు, పిస్టన్ మీద తడి ఉండకూడదు.

అది నిలబడితే కంప్రెషన్ టెస్ట్, అంటే ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి తెస్తుందో చూడటం. ఫ్యుయెల్, ఇగ్నిషన్ కనెక్షన్లు తీసేసి, బ్యాటరీ ఫుల్‌గా ఉందో లేదో చూసుకుని, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా ఎంతన్నదే ముఖ్యం. ఆ కాలిన ఆయిల్ కూడా మార్చెయ్, దాని పని అయిపోయింది.

లాంగ్‌డ్రైవ్:
ప్రెజర్ టెస్ట్ పాసయిందని ఆగిపోకండి. మా అన్నయ్య బండి ఆ టెస్ట్ పాసయింది, రోడ్డు మీదా బాగా నడిచింది. కొన్నాళ్లకి కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గడం మొదలైంది, బయట ఎక్కడా కారడం లేదు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే రేడియేటర్ పై హోస్ రాయిలా బిగుసుకునేది. కూలెంట్ ఇంకా వేడెక్కలేదు, మరి అంత ఒత్తిడి ఎక్కడిది? సిలిండర్‌లో మండిన గ్యాస్ గాస్కెట్ దాటి కూలెంట్‌లోకి వస్తోంది. బ్లాక్ టెస్టర్ (కూలెంట్‌లోకి మండిన గ్యాస్ వస్తోందేమో చూసే పరికరం) పెడితే నీలం ద్రావణం పసుపుపచ్చకి తిరిగింది. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ వల్ల అలా రంగు మారుతుంది. హెడ్ దించితే వంకర వచ్చి ఉంది.

నాలుగుచక్రాలు:
ప్రెజర్ పావుగంట కదలకుండా నిలబడింది. ఎంత సంతోషపడ్డామో! తర్వాత కంప్రెషన్ చూస్తే 12, 5, 5, 12 బార్. రెండో, మూడో సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూశాం, అంకె మారలేదు.

పాతమెకానిక్:
అయితే పిస్టన్ రింగులు (పిస్టన్‌కీ గోడకీ మధ్య గ్యాస్ జారకుండా ఆపేవి) కాదు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ పోసినప్పుడు అంకె పెరిగేది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోయాయంటే వాటి మధ్య ఉన్న సన్నటి గాస్కెట్ పట్టీ కాలిపోయింది. అక్కడ నీటి దారి దాకా కాలలేదు కాబట్టే ప్రెజర్ నిలబడింది, ఆయిల్ కూడా బాగుంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. బ్లాక్ కదలదు, బోల్టులు వదలవు, మధ్యలో హెడ్ వంగుతుంది.

హెడ్ దించు. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఇనుప పట్టీ) పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) పొడవునా, అడ్డంగా, ఐమూలగా చూడు. ఎంత వంకర ఒప్పుకుంటారో నీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా ఇంజిన్లకి అది 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు లోపే. బ్లాక్ పైభాగం కూడా చూడాలి, చాలామంది అది వదిలేస్తారు. ఫేసింగ్‌కి ఇచ్చేముందు హెడ్‌లో పగులు ఉందేమో టెస్ట్ చేయించు. పగిలిన హెడ్‌ని చదును చేయించి ఏం లాభం? వాల్వ్ సీళ్లు ఎండకి మాడిన రబ్బరులా గట్టిపడి ఉంటాయి, అవీ మార్చు. హెడ్ బోల్టులు ఒకసారి సాగే రకమైతే పాతవి మళ్లీ వాడొద్దు.

బానెట్‌కింద:
వాటర్ పంపు సీల్, థర్మోస్టాట్ కూడా ఇదే విప్పుడులో మార్చేయండి. పొడిగా తిరిగిన పంపు సీల్ ఎక్కువ కాలం ఉండదు. లీక్ ఆపే పౌడర్లు పోయమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు, రేడియేటర్, హీటర్ సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి.

నాలుగుచక్రాలు:
హెడ్ మధ్యలో 0.12 వచ్చింది, పగుళ్లు లేవు, బ్లాక్ సాఫీగా ఉంది. ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్, బోల్టులు, సీళ్లు, పంపు, థర్మోస్టాట్ వేశారు. ఇప్పుడు నాలుగు సిలిండర్లూ 12 దగ్గరే. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేశాం. రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో లెవెల్ చూస్తున్నాం, గీత దగ్గరే ఉంది. పాతమెకానిక్ గారూ, మీరు ఆపకపోతే ఆ రోజే స్టార్ట్ చేసేవాళ్లం.

డీజిల్‌బండి:
ఇదంతా చదివాక పొద్దున మా బండి హోస్ పట్టుకుని చూశాను. స్టార్ట్ చేసిన కాసేపటికే బిగుసుకుంటోంది. లాంగ్‌డ్రైవ్ అన్నా, ఆ బ్లాక్ టెస్టర్ డీజిల్‌కి పనికొస్తుందా?

లాంగ్‌డ్రైవ్:
పనికొస్తుంది, కాకపోతే డీజిల్ ఐడిల్‌లో ఉన్నప్పుడు పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ. డీజిల్‌కి వేరే ద్రావణం ఇచ్చే కిట్ తీసుకో, ఆర్‌పీఎం కొంచెం పెంచి పట్టు. మూత తీసేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. కూలెంట్ లెవెల్ కాస్త తగ్గించు, టెస్టర్‌లోకి కూలెంట్ పీల్చుకుంటే ఫలితం చెడిపోతుంది. రంగు మారితే ఇక్కడ రాయి, అప్పటిదాకా దూర ప్రయాణాలు పెట్టుకోకు.