‘నైస్’ అసలు అర్థం తెలివితక్కువ అయితే, దాంతో ఎవరినైనా మెచ్చుకోవచ్చా?

నిరుక్తం:
లాటిన్‌లో ‘నె’ అంటే లేదు, ‘స్కిరే’ అంటే తెలియడం. రెండూ కలిస్తే ‘నెస్కియుస్’, ఏమీ తెలియనివాడు. సైన్స్‌కి కూడా ఆ ‘స్కిరే’యే మూలం. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే బుద్ధిలేని మనిషి. స్పానిష్‌లో దీని తోబుట్టువు ‘నెసియో’ ఇప్పటికీ తిట్టే. ‘మంచి’ అన్న అర్థం స్థిరపడింది 18వ శతాబ్దంలో. పుట్టుక తెలిసినవాళ్లు దీన్ని పొగడ్తగా వాడకూడదని నా వాదన.

పదాలబండి:
పుట్టుక సరే, తీర్పుతోనే పేచీ. అలాగైతే మన ‘ముగ్ధ’ని కూడా వదులుకోవాలి. ‘ముహ్’ ధాతువుకి మతి చెదరడం, దిక్కుతోచకపోవడం అని అర్థం. దానికి ‘క్త’ (సంస్కృతంలో ధాతువు నుంచి విశేషణాన్ని తయారుచేసే ప్రత్యయం) చేరితే రెండు రూపాలు: మూఢ, ముగ్ధ. ఒక కడుపున పుట్టినవే. మూఢుడు తిట్టుగా మిగిలాడు, ముగ్ధ అందంగా మారింది. ‘ముగ్ధమనోహరం’ అంటే ఎవరూ నొచ్చుకోరు కదా! సిల్లీ సంగతి దీనికి తిరగబడింది. పాత ఇంగ్లీషులో ‘సేలిగ్’ అంటే ధన్యుడు. పుట్టుకే ప్రమాణమైతే సిల్లీ అనిపించుకున్నవాడు దణ్ణం పెట్టాలి.

నిరుక్తం:
ముగ్ధ నడిచిన దారి కనిపిస్తోంది: తెలియనితనం, అమాయకత్వం, అందం. నైస్‌కి ఆ మెట్లేవి? ఒక్క దూకు దూకింది.

తర్జుమా:
మెట్లున్నాయండీ. బుద్ధిలేని, తర్వాత ప్రతిదానికీ వంక పెట్టే, తర్వాత నాజూకైన, 16వ శతాబ్దానికి సూక్ష్మమైన, కచ్చితమైన. ఆ తర్వాతే నచ్చే. షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’లో ఉత్తరం ‘నైస్’ కాదని ఒక పాత్ర అంటుంది. అల్పమైన సంగతి కాదు, ముఖ్యమైనదని దాని భావం.

పొగడవచ్చా లేదా అన్నదానికంటే, అనువాదంలో జరిగే తప్పు గురించి నాకు ఎక్కువ బెంగ. తీర్పుల్లో ‘నైస్ డిస్టింక్షన్’ అని వస్తుంది. ‘చక్కని తేడా’ అని రాస్తే న్యాయమూర్తి మెచ్చుకున్నట్టవుతుంది. ఆయన చెప్పేది వెంట్రుకవాసి తేడా. అందుకే ముందు పక్కనున్న నామవాచకం చూడాలి. డిస్టింక్షన్, పాయింట్, క్వశ్చన్ లాంటివి ఉంటే ‘సూక్ష్మమైన’ పెట్టి చదవాలి. అర్థం కుదిరితే అదే ఉంచాలి. రెండోది, రచనాకాలం. 14, 15 శతాబ్దాల రచనలో మనిషిని నైస్ అంటే ముందుగా ‘తెలివితక్కువ’ని అనుమానించాలి. ‘నైస్ అండ్ హాట్’లో మాత్రం దానికి విడిగా తెలుగు మాట వెతకొద్దు, ‘వేడివేడిగా’ చాలు.

పదాలబండి:
సూక్ష్మం అంటే గుర్తొచ్చింది. తెలుగులో కూడా నైస్‌ని అలా వాడతాం. జంతికలకి బియ్యప్పిండి నైస్‌గా పట్టించమంటే బాగా పట్టమని కాదు, మెత్తగా, పలుకు లేకుండా పట్టమని. బరకగా ఉంటే గొట్టంలోంచి వత్తేటప్పుడే జంతిక తెగిపోతుంది. ఇక ‘నైస్ చెయ్యకు’ అంటే కాకా పట్టొద్దని. ఈ రెండూ ఇక్కడి వాడుకలో స్థిరపడ్డ అర్థాలే. వీటిని లాటిన్ దగ్గరికి తీసుకెళ్లి తూచలేం.

నిరుక్తం:
‘వాడకూడదు’ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక పట్టు మాత్రం వదలను. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఏది రాసినా, నైస్ కింద ‘మంచి’తో ఆపకూడదు. ‘సూక్ష్మమైన’ కూడా ఉండాలి, పక్కనే ‘నైస్ డిస్టింక్షన్’ ఉదాహరణతో.