24 ప్రశ్నల్లోంచి 10: పరిశోధన ప్రాధాన్యాల వర్క్‌షాప్ ఒక్క రోజులో ఎలా నడపాలి?

సమన్వయం_24 అడిగారు:

మోకాళ్ళ అరుగుదల మీద ముందు ఏ పరిశోధనలు జరగాలో తేల్చే వర్క్‌షాప్ ఇది. సర్వేలో వచ్చిన జవాబులను ఒకచోట చేర్చి, ఇప్పటికే గట్టి ఆధారాలున్నవి తీసేసి, రెండో సర్వేతో వడగడితే 24 ప్రశ్నలు మిగిలాయి. వీటిలోంచి మొదటి 10 తేలాలి. వచ్చేది 24 మంది. రోగులు, వాళ్ళను ఇంట్లో చూసుకునేవాళ్ళు కలిపి 12. ఆర్థోపెడిక్ సర్జన్లు, ఫిజియోలు, ఫ్యామిలీ డాక్టర్లు, నర్సులు మరో 12. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా సమయం ఉంది.

నా సందేహాలు: మనిషికి 5 స్టిక్కర్లు ఇచ్చి, గోడ మీది ప్రశ్నలకు అంటించమంటే సరిపోదా? ఒక మందుల కంపెనీ ప్రతినిధి కూడా వస్తామంటున్నారు, రానివ్వచ్చా? పది తేలాక, వాటిలో ఒకదాన్ని ట్రయల్‌గా (రోగులను గుంపులు చేసి చికిత్సలను పోల్చి చూసే పరీక్షగా) మలిచే పని అదే సాయంత్రం పెట్టుకోవచ్చా?

కార్డులబల్ల:

స్టిక్కర్లు వద్దండి. మొదట లేచినవాళ్ళు ఎక్కడ అంటిస్తే మిగతావాళ్ళ చేతులూ అటే పోతాయి. సీనియర్ సర్జన్ అంటించిన చోటు చూశాక మొహమాటంతో అంటించేవాళ్ళు సగం మంది ఉంటారు. పైగా ఒకే పోలిక ఉన్న ప్రశ్నలు రెండుంటే ఓట్లు చీలి రెండూ కిందకి జారతాయి. 'చికిత్సను ఎలా మెరుగుపరచాలి?' లాంటి కలగూరగంప ప్రశ్న మాత్రం అందరి ఓట్లూ దండుకుని నంబర్ వన్ అవుతుంది. దానితో రేపు ఏ ట్రయలూ పెట్టలేరు.

ఈ పనికి నామినల్ గ్రూప్ పద్ధతి సరిపోతుంది. 1971లో డెల్‌బెక్, వాన్ డి వెన్ రూపొందించారు. అసలు కిటుకు చిన్నదే: మాట్లాడుకోక ముందే ప్రతివాళ్ళూ విడిగా, రాతలో తమ ఎంపిక పెట్టేయాలి. రోగులు, వైద్యులు కలిసి పరిశోధన ప్రాధాన్యాలు తేల్చుకునేలా చూసే సంస్థ జేమ్స్ లిండ్ అలయన్స్, బ్రిటన్‌లో 2004లో మొదలైంది. దాని చివరి వర్క్‌షాపులు దీన్నే మార్చుకుని వాడతాయి. మీకు అది అతికినట్టు సరిపోతుంది.

వారం ముందే 24 ప్రశ్నలూ అందరికీ పంపండి. తమకు ముఖ్యమైన 3, అంత ముఖ్యం కాని 3, ఒక్కోదానికి ఒక్క వాక్యంలో కారణం రాసుకుని రమ్మనండి. ప్రశ్నలకు అంకెలు వేయకండి, అక్షరాలు వేయండి. '1' అని రాసి ఉన్న కార్డు చూడగానే అదేదో ముందున్నదని మనసుకు తడుతుంది.

ఉదయం ఎనిమిదేసి మందితో మూడు బల్లలు, ఒక్కోదానిలో నలుగురు రోగుల పక్షం, నలుగురు వైద్యుల పక్షం. బల్లకో ఫెసిలిటేటర్ (చర్చ నడిపే మనిషి), ఆ మనిషికి ఈ జబ్బు మీద సొంత పరిశోధన ఏదీ ఉండకూడదు. ముందు వరసగా ఒక్కొక్కరూ తాము రాసుకొచ్చింది చదవాలి, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. మనిషికి 3 నిమిషాలంటే ఎనిమిది మందికి 24 నిమిషాలు. వైద్యులతో మొదలుపెట్టకండి. తర్వాత కార్డులను మూడు కుప్పలు చేయించండి: పైన, మధ్య, కింద. అప్పుడే 1 నుంచి 24 వరకు వరస పెట్టించండి. సూటిగా ర్యాంకుల్లోకి దిగితే మొదటి మూడు కార్డుల దగ్గరే గంట గడిచిపోతుంది.

భోజన విరామంలో మూడు బల్లల ర్యాంకులు కూడతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'త' కార్డుకు ర్యాంకులు 2, 3, 22 అనుకుందాం, మొత్తం 27. 'ప' కార్డుకు 9, 9, 9, అదీ 27. పట్టికలో రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి గానీ సంగతులు వేరు. 'ప' అందరికీ ఓ మోస్తరు. 'త' ఇద్దరికి ప్రాణం, ఒకరికి చెత్త. ఆ మూడో బల్ల 22 ఎందుకిచ్చిందో అడిగితే చాలాసార్లు ప్రశ్నను వేరే అర్థంలో చదివారని తేలుతుంది. అందుకే తెర మీద మొత్తం ఒక్కటే చూపించకండి, మూడు ర్యాంకులూ విడివిడిగా చూపించండి.

మధ్యాహ్నం మనుషులను అటూ ఇటూ మార్చి కొత్త బల్లలు వేయండి. పొద్దుటి వరస మీద మళ్ళీ చర్చ, మళ్ళీ ర్యాంకు, మళ్ళీ కూడిక. చివరి గంట అందరూ ఒకే చోట కూర్చుని 8 నుంచి 14వ స్థానం మధ్యే చూడండి. పైన ఉన్నవాటి మీద అప్పటికి పెద్దగా పేచీ ఉండదు.

కంపెనీ ప్రతినిధికి మర్యాదగా వద్దని చెప్పండి. ఓటు లేకపోయినా బల్ల దగ్గర ఉంటే మాటల దారి మారుతుంది. మిగతా అందరి నుంచీ తమకు ఏ కంపెనీతోనైనా లాభాల సంబంధం ఉందేమో రాతలో తీసుకోండి. సర్జన్‌కు ఇంప్లాంట్ కంపెనీతో ఒప్పందం ఉంటే అది బల్ల దగ్గరివాళ్ళకు తెలియాలి.

రోగులతరఫు:

పై పద్ధతి బాగుంది, కానీ సంఖ్య సమానమైతే బలం సమానమైనట్టు కాదు. మీ జబ్బులోనే పాత ఉదాహరణ ఉంది. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మోకాళ్ళ అరుగుదల మీద జరిగిన ట్రయల్స్‌లో 80 శాతానికి పైగా మందుల మీదివే. మందుల మీద ఇంకా పరిశోధన కావాలన్న రోగులు 9 శాతం. కీళ్ళవాతం ట్రయల్స్‌లో ఏం కొలవాలో తేల్చే ఒమెరాక్ట్ సమావేశాలు 1992లో మొదలయ్యాయి, రోగులను పిలిచింది 2002లో. వాళ్ళొచ్చాకే 'నీరసం' కొలవాల్సిన విషయంగా బల్ల మీదికొచ్చింది. నిపుణులు నొప్పి, వాపు దగ్గరే ఆగిపోయారు.

చేయాల్సినవి: రోగుల పక్షం 12 మందితో రెండు మూడు రోజుల ముందు అరగంట ఫోన్‌లో మాట్లాడి కార్డులు ఎలా కదులుతాయో చెప్పండి. ప్రశ్నలన్నీ వాళ్ళ భాషలో ఉండాలి. 'శస్త్రచికిత్సేతర జోక్యాల దీర్ఘకాలిక ఫలసామర్థ్యం' అని రాస్తే ఎవరూ ఏమీ అనరు, తలూపుతారు, ర్యాంకు మాత్రం కిందకి పోతుంది. 'ఆపరేషన్ లేకుండా వ్యాయామంతో రెండేళ్ళ తర్వాత కూడా నొప్పి తగ్గి ఉంటుందా?' అని రాయండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గంటకు మించి కూర్చోలేరు, విరామాలు రాసిపెట్టుకోండి. కార్డుల బల్ల ఎత్తుగా ఉండాలి, వంగనక్కర లేకుండా. ప్రయాణ ఖర్చు, రోజు భత్యం ముందే ఇవ్వండి.

లెక్కలగది:

మూడో సందేహానికి: అదే సాయంత్రం వద్దు. నాలుగు గంటలకు అలసిన బుర్రలతో రాసిన ట్రయల్ తర్వాత మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది. ఆ పనికి కావలసిన మనుషులూ వేరు: స్టాటిస్టిషియన్, ట్రయల్ మేనేజర్, ఆ చికిత్స రోజూ చేసేవాళ్ళు, ఇద్దరు రోగులు. రెండు మూడు వారాల తర్వాత ఇంకో సమావేశం పెట్టండి.

ముందు పదింటినీ వేరు చేయండి, అన్నీ ట్రయల్ ప్రశ్నలు కావు. 'కొందరికి ఎందుకు త్వరగా ముదురుతుంది?' అన్నదానికి ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం కావాలి, లాటరీ వేసి రెండు గుంపులు చేస్తే రాదు. ట్రయల్‌కు తగినదాన్ని నాలుగు ముక్కలుగా రాయండి: ఎవరికి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏం కొలుస్తారు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీల్లో (ట్రయల్స్‌ను నమోదు చేసే జాబితాల్లో) మరోసారి వెతకండి. మీ ఆధారాల పరిశీలన తర్వాత ఎవరైనా అదే ట్రయల్ మొదలుపెట్టి ఉండొచ్చు.

తర్వాత లెక్క. నొప్పిని 0 నుంచి 100 స్కేలు మీద కొలుస్తున్నారు, స్టాండర్డ్ డీవియేషన్ (మనిషికీ మనిషికీ స్కోరు ఎంత చెదిరి ఉంటుందో చెప్పే అంకె) 25 అనుకోండి. గుంపుల మధ్య 10 పాయింట్ల తేడా పట్టుకోవాలంటే, 80 శాతం పవర్ (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫా (లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం)తో గుంపుకు 98 మంది చాలు. '5 పాయింట్లు తగ్గినా నాకు చాలు' అని రోగులు అంటే గుంపుకు 392. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు. మధ్యలో 20 శాతం మంది తప్పుకుంటారనుకుంటే 392 కాస్తా 490, రెండు గుంపులకు 980. ఆ 10, 5 అన్న అంకెను స్టాటిస్టిషియన్ తేల్చకూడదు, రోగులు తేల్చాలి. వర్క్‌షాప్‌లోనే ఈ ఒక్క మాట అడిగి రాసిపెట్టుకుంటే తర్వాత చాలా పని తప్పుతుంది.

14 కేంద్రాలు నెలకు ఐదుగురి చొప్పున తీసుకుంటే నెలకు 70, అంటే 14 నెలలు. ఇది కాగితం మీది లెక్క. ట్రయల్ మొదలవగానే అర్హులైన రోగులు మాయమవుతారన్నది ఈ రంగంలో పాత సామెత, లసాన్యా సూత్రం అంటారు. చేరేవాళ్ళు సగమే అనుకుని 28 నెలలకు కూడా బడ్జెట్ వేసి చూడండి. ముందు చిన్న పైలట్ (కొద్దిమందితో నమూనా ట్రయల్) పెట్టండి. ఎంతమంది చేరితే కొనసాగాలి, ఎంతకు మార్పులు చేయాలి, ఎంతకు ఆపేయాలి అన్న మూడు హద్దులూ పైలట్‌కు ముందే రాసుకోవాలి.

సమన్వయం_24:

చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. నలుగురు సర్జన్లు రాలేమని, తర్వాత ఆన్‌లైన్‌లో స్కోరు పంపుతామని అంటున్నారు. పదో స్థానంలో టై అయితే ఏం చేయాలి?

లెక్కలగది:

ఆ స్కోర్లు తీసుకుని కలపకండి. చర్చ వినకుండా ఇచ్చిన అంకె, విన్నాక ఇచ్చిన అంకె ఒకటి కావు. అందరూ దూరం నుంచే చేయాలంటే డెల్ఫీ పెట్టుకోవాలి: రెండు మూడు విడతలు, 1 నుంచి 9 స్కోరు. ప్రతి విడత తర్వాత రోగుల స్కోరు, వైద్యుల స్కోరు విడిగా చూపించాలి. ఒక ప్రశ్నకు 7 నుంచి 9 ఇచ్చినవాళ్ళు 50 మంది వైద్యుల్లో 15, 12 మంది రోగుల్లో 11 అనుకోండి. కలిపితే 62లో 26, అంటే 42 శాతం, ప్రశ్న ఎగిరిపోతుంది. రోగుల్లో 92 శాతం కావాలన్న సంగతి ఎవరికీ కనబడదు.

కార్డులబల్ల:

ఆ నలుగురి బదులు వేరే నలుగురిని పిలవండి, సర్జన్లు ఉదయమే వచ్చి భోజనానికి వెళ్ళిపోతామన్నా ఒప్పుకోకండి. టై సంగతి పొద్దున్నే గోడ మీద రాసి పెట్టేయండి: 'పదో స్థానంలో సమానమైతే 11 ఉంటాయి.' మిగిలిన ప్రశ్నల ర్యాంకులు కూడా నివేదికలో పెట్టండి, నిధులిచ్చేవాళ్ళు వాటినీ అడుగుతారు.