సెట్ దోశలోని ‘సెట్’, సంబంధం సెట్ అయిందనడంలోని ‘సెట్’ ఒకటేనా?

బసవనగుడి తెలుగు:
అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మగారిని గత ఆదివారం ఇక్కడికి దగ్గరలోని ఒక హోటలుకు తీసుకువెళ్లాను. గోడ మీది కన్నడ పట్టికను కూడబలుక్కుని చదివి, సెట్ దోశ అంటే ఏమిటని ఆమె అడిగారు. మెత్తని చిన్న దోశలను రెండో మూడో కలిపి సాగు అనే కూరతోనూ చట్నీతోనూ వడ్డిస్తారు కనుక ఆ పేరు వచ్చిందని చెప్పాను. ‘నగల సెట్టు లాంటిదన్నమాట, మరి సినిమా వాళ్లు వేసే సెట్టు ఏమిటి, మొన్న మీ చిన్నాన్న కూతురికి సంబంధం సెట్ అయిందన్నావే, అదేమిటి’ అన్న ఆమె ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ఇవన్నీ ఒకే మాటా? వీటన్నింటికీ సరిపోయే తెలుగు మాట ఏదైనా ఉందా?

పాత నిఘంటువు:
ఒకటి కాదు, రెండు మాటలు కలిసిపోయాయి. పాత ఇంగ్లీషులో కూర్చోవడాన్ని సిట్టన్ అనీ, కూర్చోబెట్టడాన్ని సెట్టన్ అనీ అనేవారు. నేటి క్రియ ఆ రెండోదాని నుంచే వచ్చింది, సినిమా సెట్టు కూడా ఆ వంశానిదే. సముదాయమనే అర్థంలో వాడే నామవాచకం మాత్రం, అనుచరుల గుంపు అనే అర్థమున్న లాటిన్ మాట సెక్టా నుంచి ప్రాచీన ఫ్రెంచి మీదుగా వచ్చి, ధ్వని ఒకేలా ఉండటం వల్ల మొదటిదానితో కలగలిసిపోయింది. కాబట్టి మీ దోశకు దగ్గరి చుట్టం మతశాఖను సూచించే ‘సెక్ట్’ అని అమ్మగారికి చెప్పవచ్చు.

తెలుగులో నామవాచకానికి జత, గుత్తి, గణితంలోనైతే సమితి ఉండనే ఉన్నాయి. క్రియకు నా ఓటు ‘పెట్టు’కే: అలారం పెడతాం, ముహూర్తం పెడతాం, షరతు పెడతాం, దీపం బల్ల మీద పెడతాం. కూర్చోబెట్టడంలో ఉన్నదీ ఆ ‘పెట్టు’యే కదా.

సర్జాపుర సివిల్:
నిర్మాణ రంగంలో పనిచేస్తున్న వాడిగా ఒక మాట చెబుతాను. సిమెంటు విషయంలో ‘పెట్టు’ పనికిరాదు, ‘గట్టిపడటం’ అంటే మరీ ప్రమాదం. నీరు కలిపిన సిమెంటు ముద్ద సాగే గుణం కోల్పోయి బిగుసుకోవడం సెట్టింగ్. ఆ తరువాత రోజుల తరబడి బలం పుంజుకోవడం వేరే ప్రక్రియ. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు మొదటి సెట్టింగ్ సమయం 30 నిమిషాలకు తగ్గకూడదనీ, చివరిది 600 నిమిషాలు మించకూడదనీ మన దేశ ప్రమాణాలు చెబుతాయి. బలాన్ని మాత్రం 28 రోజులకు లెక్కగడతాం. రెండింటినీ తెలుగులో గట్టిపడటమే అంటే, నిన్న పోసిన శ్లాబు గట్టిపడింది కదా అని దాని మీద ఇటుకలు దించేవారు తయారవుతారు. అలాంటి వారితో నాకు పోట్లాట జరిగింది కూడా. నేను ‘బిగుసుకోవడం’ అంటాను.

చిత్తూరు గళం:
‘పెట్టు’ చాలా తలుపులు తెరుస్తుంది గానీ అన్నీ తెరవదు. విరిగిన ఎముకను సరిచేయడానికి కూడా ఇంగ్లీషులో సెట్ అనే అంటారు. దాన్ని పుత్తూరు కట్టుకు పేరుపడ్డ మా వైపు ‘ఎముక పెట్టడం’ అంటే నవ్వుతారు. ఇక సంబంధం సెట్ కావడం, ఉద్యోగం తనకు సెట్ కాలేదనడం మనం చేసుకున్న వాడుకలు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఆ అర్థంలో ఆ మాట వాడరు. ‘కుదిరింది’ అనే చక్కని మాట ఉండగా అరువు తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

అన్నట్టు, 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో ముద్రణలో ఈ క్రియ ఒక్కదానికే దాదాపు 430 అర్థాలు ఉండేవి. 2011 నాటికి ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది.

బసవనగుడి తెలుగు:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివి వినిపించగా అమ్మ మరొక సందేహం వెలిబుచ్చారు. పాలకు తోడు పెట్టేది మనం, తోడుకునేది పాలు. ఇంగ్లీషులో ఆ రెండు పనులకూ సెట్ అనే అంటారా?

పాత నిఘంటువు:
అంటారండీ. పెరుగును మనం సెట్ చేస్తాం, పెరుగూ సెట్ అవుతుంది. ఎవరు చేశారన్నది వాక్యంలో కర్తను బట్టి తెలుసుకోవలసిందే. ‘తోడు పెట్టు’, ‘తోడుకొను’ అని రెండు క్రియలున్న మన అమ్మలకు ఆ ఇబ్బంది లేదు.