సమస్య: పాప జోల పాడ బామ్మ వచ్చె

హైదరాబాదు (సమస్య ఇచ్చినవారు)

ఈ వారం సమస్య నాది. చిక్కుగా కనిపించే ఒక పాదం నేనిస్తే, మిగతా పద్యం రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇస్తున్నాను. 5 సూర్యగణాలు (ఒక్కొక్కటి గురువు, లఘువు గానీ, మూడు లఘువులు గానీ), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ‘పా’కు ‘బా’. పై మూడు పాదాలూ మీవి.

జోల పాడేది పెద్దవాళ్లు, పాడించుకునేది పసివాళ్లు. ఇక్కడ అది తిరగబడింది, చిక్కంతా అక్కడే. మీ పద్యంలో బామ్మ బతికే ఉందా, లేదా అన్నది మీ ఇష్టం. మా బామ్మ లేదు. ఈ పాదం నాకెలా తట్టిందో చివర్లో చెబుతాను. ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపండి.

నంద్యాల

అమ్మా, మా ఇంట్లో బామ్మ అనే పిలుపే లేదు. జేజి అంటాం. ‘జేజి వచ్చె’ అని మార్చుకోవచ్చా?

తెనాలి మాస్టారు

గణం సరిపోతుందమ్మా, యతే చెడుతుంది. ‘పా’కు ‘జే’ కుదరదు. తెలంగాణ వాళ్ల బాపమ్మకు యతి కుదురుతుంది కానీ, అది తగణం (రెండు గురువులు, ఒక లఘువు) అయిపోయి సూర్యగణంలో ఇమడదు. ఇంట్లో జేజి అనే పిలవండి, ఈ పద్యం వరకు బామ్మ అనండి. ఇంకొక మాట. సమస్యలో ఇచ్చిన పాదాన్ని ఒక్క అక్షరం కూడా కదపకూడదు.

ఖమ్మం

బొమ్మ నొడిని బెట్టి బోసినవ్వులు చింద
నాఁటి విరుపు, నాఁటి నాదమదియె;
కన్ను మూసి వినఁగఁ గాలమే కరిగెనో
పాప జోల పాడ బామ్మ వచ్చె.

మా అమ్మాయి బొమ్మను పడుకోబెడుతుంటే పక్కగదిలోంచి విన్నాను. పాట మధ్యలో ఆగే చోటు అచ్చం మా నానమ్మ ఆగే చోటే.

విజయనగరం

‘కాలమే కరిగెనో’ చాలా బాగుంది. కానీ అన్నయ్యా, బొమ్మకు జోల పాడేంత పిల్లకు బోసినవ్వు ఎక్కడిది? మా వాడికి 2 ఏళ్లు నిండకముందే 16 పళ్లు వచ్చాయి, నా భుజం మీద గాట్లే సాక్ష్యం. బోసినవ్వు 5 నెలల పాపది. లేదంటే బామ్మది.

ఖమ్మం

నిజమే అక్కయ్యా. యతి కోసం ‘బో’ వెతుకుతూ పళ్ల సంగతి మర్చిపోయాను. మొదటి పాదం ఇలా మార్చాను:

బొమ్మ నొడిని బెట్టి బుజ్జగించుచు నూఁప

తెనాలి మాస్టారు

ఇదే మేలు. ‘బొ’కు ‘బు’ యతి చక్కగా చెల్లింది. ‘బుజ్జగించుచు నూఁప’ అనగానే చేతులు కదలడం కనబడుతోంది. మొదటిదానిలో ముఖం మాత్రమే ఉంది.

నంద్యాల

సరే, బామ్మ అనే రాస్తున్నాను.

ఉగ్గుగిన్నె సర్ది, యూరివారల కెల్లఁ
జిట్టి కబురు చెప్పి, చీర మార్చి,
వసను మూటఁ గట్టి బస్సులో నిలుచుండి
పాప జోల పాడ బామ్మ వచ్చె.

నా కాన్పుకు మా జేజి ఇలాగే వచ్చింది. సీటు దొరకలేదంట, దారి పొడుగునా నిలబడే వచ్చింది. దిగగానే మంచినీళ్లు కూడా తాగకుండా, చేతులు కడుక్కుని వచ్చి బిడ్డను ఎత్తుకుంది. ఆ వస ఇంకా నా దగ్గరుంది. అరగదీయగా అరగదీయగా చిటికెన వేలి గోరంత మిగిలింది.

విజయనగరం

చదువుతూ చదువుతూ ‘చీర మార్చి’ దగ్గర ఆగిపోయాను. మా అమ్మమ్మ కూడా అంతే, పొరుగూరికైనా సరే, పెట్టెలోని చీర కట్టుకోనిదే గడప దాటేది కాదు.

తెనాలి మాస్టారు

ఈ పూరణలో సమస్య విడిపోయిన తీరు కొత్తవాళ్లు గమనించాలి. ఖమ్మం వారు ‘పాడ’ను ‘పాడగా’ అని తీసుకున్నారు. అలా చదివితే పాడింది పాప. ఈ అమ్మాయి ‘పాడడానికి’ అని తీసుకుంది. ‘పాప జోల’ అంటే పాప కోసం పాడే జోల. అది పాడడానికి బామ్మ వచ్చింది. ‘పాడన్’ అనే రూపానికి ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చకుండా వింతను మామూలు సంగతి చేసింది. సమస్యను విడగొట్టడమంటే ఇదే. ‘బస్సు’ పద్యంలో ఉండొచ్చా అని ఎవరైనా అడిగితే, ఉండాలి అంటాను. ఆమె వచ్చింది బస్సులోనే కదా.

బెంగళూరు

నేను పద్యం రాయడం ఇదే మొదటిసారి. ఒక్క పాదమే వచ్చింది, చాలా టెన్షన్‌గా ఉంది.

బామ్మ లేక యిల్లు బోసిపోయి యుండె

తెనాలి మాస్టారు

టెన్షన్ వద్దు నాయనా. మొదటి మూడు సూర్యగణాలూ సరిగ్గా పడ్డాయి. ఆటవెలది ఒకటి, మూడు పాదాల్లో మిగతా రెండూ ఇంద్రగణాలు కావాలి. నాలుగోది ‘బోసిపో’, రగణం, అదీ సరే. చివరిది ‘యి యుండె’ జగణమైంది. ఇంద్రగణాల్లో జగణం లేదు. యతిలో ‘బా’కు ‘బో’ చెల్లదు. హల్లు కుదిరినా అచ్చులు, అంటే ఆ, ఓ, కలవవు. మనిషి లేని ఇంటిని మన ఇళ్లలో ఏమంటారో గుర్తు చేసుకో:

బామ్మ లేని యిల్లు బావురు మనుచుండ

మిగతా రెండూ నువ్వే రాయాలి.

వరంగల్లు

పటము ముందు నిలిచి పసిది చేతులు సాఁచి
నిదురపొమ్మటంచు నిండు మనసు
తోడఁ బలుక, నాకుఁ దొలిసారి యేడ్పొచ్చె
పాప జోల పాడ బామ్మ వచ్చె.

బాపమ్మ పోయిన రోజు నుంచి 13వ రోజు దాకా పనులన్నీ నేనే చూసుకున్న. వంటవాళ్లు, టెంటు, వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. ఏడ్వడానికి టైమే దొరకలేదు. మా బిడ్డ ఫొటో ముందు నిలబడి ‘బజ్జో’ అన్నప్పుడు ఆగలేదు.

తెనాలి మాస్టారు

బాబూ, ముందుగా ఒక మాట. పద్యం చదివి కాసేపు పక్కన పెట్టాను, వెంటనే తప్పులు చెప్పబుద్ధి కాలేదు.

మూడో పాదం చివర రెండు ఇబ్బందులున్నాయి. ‘ఏడ్పొచ్చె’ మాట్లాడేటప్పటి రూపం, పద్యంలో ‘ఏడ్పు వచ్చె’ కావాలి. అంతకన్నా పెద్దది రెండోది. ‘వచ్చె’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగి ఉన్న మాట. ‘వచ్చెన్’ తర్వాత ‘పాప’ వస్తే ‘బాప’ అయి, సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది. కాబట్టి మూడో పాదం కళతో, అంటే ఆ ‘న్’ లేని మాటతో ముగియాలి. ఇలా అయితే కుదురుతుంది:

తోడఁ బలుక, నాకుఁ దొలఁకెఁ గన్నుల నీరు

ఖమ్మం

మాస్టారూ, మన్నించాలి. మీ పాదంలో దోషమేమీ లేదు. కానీ ‘తొలిసారి’ పోయింది. ఈ పద్యానికి ప్రాణం ఆ మాటే. కన్నీళ్లు ఎవరికైనా వస్తాయి, ఇతనికి అప్పుడే మొదటిసారి వచ్చాయి.

తెనాలి మాస్టారు

మీరన్నదే సరి. నేను ద్రుతాన్నే చూశాను.

వరంగల్లు

రాత్రంతా ఆలోచించిన. క్రియ తీసేస్తే?

తోడఁ బలుక, నాకుఁ దొలిసారి కన్నీరు

తెనాలి మాస్టారు

‘కన్నీరు’ కళ. ‘పాప’ పాపగానే ఉంది. క్రియ లేకపోవడం వల్ల వాక్యం గొంతులో ఆగినట్టుంది. ఇక దీన్ని ముట్టుకోవద్దు.

హైదరాబాదు (సమస్య ఇచ్చినవారు)

ఆదివారం రాత్రి అయింది. పాప ఇప్పుడే పడుకుంది. మాట ఇచ్చాను కాబట్టి చెబుతాను.

మా బామ్మ జోల ఏ పుస్తకంలోనూ లేదు. ఇంట్లో కంటికి కనబడినవన్నీ వరసగా పడుకోబెట్టేది. పిల్లి జో, పీట జో, రోలు జో, పెరట్లో గేదె జో. చివరికి మా పేర్లు. తన పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అందరూ పడుకున్నాక ఆవిడకు పాలు తోడు పెట్టే పని, తలుపు గడియ వేసే పని మిగిలేవి.

పాపకు 5 నెలలప్పుడు బామ్మ పోయింది. ఇప్పుడు దానికి 2 ఏళ్ల 4 నెలలు. బామ్మను చూసిన జ్ఞాపకం ఉండే అవకాశం లేదు. ఆ పాట నేనే తెలియకుండా కూనిరాగం తీస్తుంటే పట్టుకున్నట్టుంది. పోయిన వారం మంచం మీద కూర్చుని మొదలుపెట్టింది. పిల్లి జో, ఫ్యాన్ జో, చెప్పులు జో, నాన్న జో, అమ్మ జో. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అది గోడ మీది ఫొటోకేసి చూసి ‘బామ్మ జో’ అంది.

పిల్లి జోయటంచుఁ బీఁట జోయని పాడి
తన్ను మఱచి తుదకుఁ దరలిపోయె;
నేఁడు చివర నామె నెనరారఁ బేర్కొని
పాప జోల పాడ బామ్మ వచ్చె.

తెనాలి మాస్టారు

‘తుదకు’, ‘చివర’ రెండూ పక్కపక్క పాదాల్లో పడ్డాయి. మామూలుగా అయితే పునరుక్తి అనేవాణ్ణి. ఇక్కడ ఒకటి ఆమె చివర, ఇంకొకటి పాట చివర. ఉండనీ తల్లీ.

బెంగళూరు

నాకు రెండో పాదం వచ్చింది మాస్టారూ. పొద్దున పంపుతాను. మా వాడు లేచాడు.